మంజీర నేల పండింపలేని పోషకము

ఎల్లారెడ్డికి అనతిదూరమున, మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలాశయము కాలువ పాఱిన మేర వరిని, చెఱకును వర్ధిల్లజేసెను; ఆ నీరందని కామారెడ్డి మెట్టభూములు జొన్నను, మక్కను నమ్ముకొని బ్రదికెను. అయినను మాగాణి వరియన్నమునందు గాని, మెట్ట జొన్నరొట్టెయందు గాని, మక్కగటకయందు గాని లేని పోషకమొకటి కలదు. అది కోబాలమిన్ అను బి12 విటమిను. దానిని ఏ మొక్కయు, ఏ జంతువును స్వయముగా నిర్మించుకొనజాలదు. కొన్ని సూక్ష్మజీవులకు మాత్రమే ఆ విద్య తెలియును. పసరముల కడుపులో మేత నానుచుండగా, అందలి సూక్ష్మజీవులు మేతతో వచ్చిన కోబాల్టును గ్రహించి దానిని కూర్చును. అచ్చటినుండి అది పాలలోనికి, మాంసములోనికి, అన్నింటికంటె నధికముగా కాలేయములోనికి చేరును.

పెద్దలకు దినమునకు వలసినది రమారమి 2 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో అయిదు లక్షలవ వంతు. ఆ యణుమాత్రము కొఱవడినచో ఎఱ్ఱరక్తకణములు పరిపక్వము గాక, పరిమాణమున పెద్దవై సంఖ్యలో క్షీణించును. నరములను కప్పు పొర చెడి, అరికాళ్లు తిమ్మిరెక్కి, నడక తడబడి, జ్ఞాపకము మందగించును. కాలేయము కొన్నేండ్లకు చాలినంత నిల్వను దాచియుంచును గనుక లోపము చాలకాలము బయటపడదు.

ఈ లోపమువలన గలుగు పర్నీషియస్ అనీమియా యను పాండురోగమునకు పూర్వము చికిత్సయే లేకుండెను. 1926లో బోస్టన్ వైద్యులు జార్జి మైనట్, విలియం మర్ఫీలు 45 మంది రోగులకు దినదినమును కాలేయమును, మన పల్లెలలో కార్జమని వ్యవహరించుదానిని, తినిపించి కోలుకొనజేసిరి. పిదప విలియం కాజిల్, జీర్ణాశయమునుండి స్రవించు వేఱొక పదార్థము తోడ్పడనిదే ఆహారమందలి యీ గుణము దేహమునకు పట్టదని నిరూపించెను. ఇంతకును కార్జములోని ఆ మూలద్రవ్యమేది?

దానికై వెదకినవారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. స్ప్రూ యను జీర్ణవ్యాధికి తోడబుట్టినవారిని కోల్పోయి, తానును దాని వాతబడి బయటపడిన ఆయనకు రక్తహీనత పుస్తకములలో చదివిన వ్యాధి మాత్రమే కాదు. హార్వర్డులో కాలేయసారమును శోధించి, అనంతరము లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించి, 1945లో తన బృందముచే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించెను. అది స్ప్రూ రోగుల రక్తమును చక్కబఱచెను. పర్నీషియస్ అనీమియాలోను రక్తము కోలుకొనెను గాని, నరముల క్షీణత మాత్రము ఆగలేదు. కోరిన మూలద్రవ్యము ఇంకను దొరకలేదనుటకు ఆ నరములే సాక్ష్యమయ్యెను.

1948లో అమెరికాయందు మెర్క్ సంస్థలో కార్ల్ ఫోకర్స్ బృందమును, ఇంగ్లండులో గ్లాక్సోకు చెందిన లెస్టర్ స్మిత్‌ను దానిని ఎఱ్ఱని పదార్థముగా వేఱుచేసిరి. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. విచిత్రమేమనగా, ఆయన పర్యవేక్షణలో వెలువడిన ఆరియోమైసిన్ ఔషధమును తీయగా మిగిలిన పిప్పియందే బి12 ఉన్నట్లు లెడర్లీ శాస్త్రజ్ఞులు అనతికాలములో కనుగొనిరి. దాని జటిలనిర్మాణమును 1956 నాటికి డొరోతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌కిరణములతో ఛేదించెను.

నేటి కామారెడ్డి, ఎల్లారెడ్డి గృహములలో పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము తినువారికి ఈ విటమిను సాధారణముగా లభించును. పులియబెట్టిన అంబలి మాత్రము నమ్మదగిన ఆధారము గాదు. పాలుకూడ ముట్టని శాకాహారులును, జీర్ణశక్తి సన్నగిల్లిన వృద్ధులును, మధుమేహమునకు ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడువారును జాగరూకులై యుండవలెను. సుబ్బారావు కాలపు అనుభవము నేటికిని పనికివచ్చును: ఫోలిక్ ఆమ్లపు మాత్రలతో రక్తము బాగుపడినంతనే చికిత్స ముగిసినదని తలపరాదు, అరికాళ్ల తిమ్మిరి తగ్గనివానికి బి12 పరీక్ష చేయించి, అవసరమైనచో సూదిమందో మాత్రయో ఆలస్యము లేక ఇప్పించవలెను, ఏలన చిరకాలము దెబ్బతిన్న నరము పూర్తిగా కోలుకొనునన్న పూచీ లేదు.