కొడవలి కణం: భద్రాచలం మన్యంలో ఒక బృహదణువు చరిత్ర

వ్యాససంగ్రహం: ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఆదివాసులలో కనిపించే సికిల్ సెల్ వ్యాధికి హిమోగ్లోబిన్ అనే బృహదణువులోని ఒకే ఒక మార్పు మూలం. ఆ మార్పును వ్యాధికారణంగానే గాక, లిఖితాధారాలు స్వల్పంగా ఉన్న సమాజాల గతానికి సాక్ష్యంగానూ పరిగణించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హిమోగ్లోబిన్, సికిల్ సెల్, మలేరియా, కోయలు, మన్యం.

1. ఉపోద్ఘాతం

గోదావరికి ఇరువైపులా కోయలు, కొండరెడ్లు నివసించే ఈ అటవీ ప్రాంతపు పాలనా సరిహద్దులు పలుమార్లు మారాయి. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పుగోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలో చేరాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ కాగా, భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అయితే బంధుత్వాలు గాని, వాటి ద్వారా సంక్రమించే జన్యులక్షణాలు గాని ఈ రేఖలకు లోబడవు.

2. అణువు స్వరూపం, ఆవిష్కరణ

హిమోగ్లోబిన్ నాలుగు గొలుసులుగా అమరిన 574 ఎమైనో ఆమ్లాల ప్రోటీన్. దాని బీటా గొలుసులో 6వ స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరితే, ప్రాణవాయువును విడిచిన అణువులు ఒకదానికొకటి అతుక్కొని పోగులుగా మారతాయి. ఎర్రకణం కొడవలి ఆకారం దాల్చి సన్నని రక్తనాళాలను అడ్డగిస్తుంది. తీవ్రమైన నొప్పి, రక్తహీనత, అవయవాల క్షీణత దాని ఫలితాలు.

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ కణాలను వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం దీనిని ‘అణు వ్యాధి’గా నిరూపించింది. అణువులోని మార్పు ఎక్కడుందో 1950ల మధ్యలో వెర్నన్ ఇంగ్రామ్ గుర్తించాడు. భారతదేశంలో 1952లో నీలగిరి ఆదివాసులలో లేమన్, కట్‌బుష్ ఈ లక్షణాన్ని కనుగొన్నారు. తరువాతి సర్వేలు గోదావరి పరీవాహక ఆదివాసులలోనూ దీని ఉనికిని నమోదు చేశాయి.

3. మన్యం జ్వరంతో ముడి

ఇంత హానికరమైన జన్యువు ఎందుకు నశించలేదు? ఈ ప్రశ్నకు సమాధానం మలేరియా చరిత్రలో ఉంది. మలేరియా పరాన్నజీవిని దోమ శరీరంలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో గుర్తించాడు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే సికిల్ జన్యువు పొందినవారికి తీవ్ర మలేరియా నుండి కొంత రక్షణ లభిస్తుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికా పరిశోధనలతో వెల్లడించాడు. మన్యం జ్వరం పీడించిన అడవులలో ఆ రక్షణే ఈ జన్యువును తరతరాలుగా నిలిపింది. కాబట్టి దీనిని ఒక తెగ లోపంగానో, దైవాగ్రహంగానో భావించడం చారిత్రకంగా నిరాధారం.

4. వర్తమాన సందర్భం

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభమైంది. 2047 దాని గడువు. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు దాని లక్ష్యం. పరీక్ష ఫలితాన్ని తెలిపే కార్డు ఆరోగ్య సాధనం. అదే పెళ్లిసంబంధాల వేళ నిందాముద్రగా మారితే ఆ భారం ముఖ్యంగా యువతులపై పడుతుంది. జన్యువాహకులు రోగులు కారు. ఇద్దరు వాహకులు దంపతులైనప్పుడే ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

చికిత్సలో హైడ్రాక్సీయూరియాతో పాటు వాడే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లే ప్రయోగశాలలో సంశ్లేషించిన కృషికి తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించాడు. మందు ఉన్నా, ఇది జీవితాంతం వైద్య పర్యవేక్షణ కోరే వ్యాధి. చింతూరు, కూనవరం మండలాలు నేడు మరో రాష్ట్రంలో ఉన్నా, వాటికి సమీపంలోని పెద్ద పట్టణం భద్రాచలమే. ఒక రాష్ట్రంలో నమోదైన రోగి వివరాలు రెండవ రాష్ట్రపు వైద్యునికి అందకపోతే పర్యవేక్షణ మధ్యలోనే తెగిపోతుంది.

5. ముగింపు

ఒక్క ఎమైనో ఆమ్లపు మార్పులో మన్యపు అడవి, దోమ, జ్వరం, వాటిని తట్టుకున్న మనుషుల చరిత్ర నిక్షిప్తమై ఉంది. ఆ చరిత్రను గుర్తించిన ఆరోగ్య విధానమే ఆదివాసులను అనుమానంతో గాక గౌరవంతో చూడగలుగుతుంది.