బారు గోడ మీద నీలి రాక్షసులు

బారులో బొమ్మ ఆడించడం ఇప్పటి సంగతి కాదు. 1940లోనే షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ ‘పనోరమ్’ అనే పెట్టెను బార్లలోకి తెచ్చింది. పది సెంట్ల నాణెం వేస్తే మూడు నిమిషాల పాట ఒకటి తెర మీద ఆడేది. రీలులో ఎనిమిది పాటలు. నచ్చింది ఎంచుకునే వీలు లేదు, వరసలో ఏది వస్తే అదే. గ్లాసుల చప్పుడులో కథ వినే ఓపిక ఎవరికీ ఉండదని, బొమ్మా పాటా ఉంటే చాలని ఆ పెట్టెవాళ్లకు అప్పుడే తెలుసు.

అమెరికా, యూరప్ బార్లలో ఇప్పుడు గోడ మీద వేసే సినిమాల్లో ‘ఫెంటాస్టిక్ ప్లానెట్’ ఒకటి. అది బారు కోసం తీసింది కాదు. దర్శకుడు రెనే లలూ అంతకుముందు ఫ్రాన్సులో ఒక మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ, అక్కడి రోగులతో కలిసి 1960లో ఒక చిన్న యానిమేషన్ సినిమా తీశాడు. పేదవాళ్ల పళ్లు దొంగిలించే పళ్ల డాక్టరు కథ అది. తమాషా ఏమిటంటే, ‘ఫెంటాస్టిక్ ప్లానెట్’కు ఆధారమైన నవల రాసిన స్టెఫాన్ వూల్ వృత్తిరీత్యా పళ్ల డాక్టరే!

కథ సులువు. ద్రాగ్‌లనే నీలిరంగు రాక్షసాకారులు మనుషుల్ని పెంపుడు జంతువుల్లా ఆడిస్తుంటారు. ఒక కుర్రాడు వాళ్ల చదువుల యంత్రాన్ని ఎత్తుకుని పారిపోతాడు. అయితే సినిమాకు ప్రాణం రోలాండ్ టోపోర్ బొమ్మలు. పెన్ను గీతలతో అల్లిన నీడలు ఆయనవి. మామూలు యానిమేషన్‌లో బొమ్మను సెల్యులాయిడ్ షీటు మీదికి ఎక్కించి చదునైన రంగు నింపితే ఆ గీతలన్నీ పోతాయి. అందుకని కాగితం మీద గీసి, రంగులు వేసి, కత్తిరించి, ఆ ముక్కల్నే కెమెరా కింద జరుపుతూ ఫ్రేము వెంట ఫ్రేము తీశారు. పని జరిగింది ప్రాగ్‌లోని యిర్జీ ట్ర్నకా స్టూడియోలో. 1968లో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి, పనికి అడ్డం పడింది. 1973లో గాని సినిమా బయటికి రాలేదు. ఆ ఏడే కాన్ ఉత్సవంలో ప్రత్యేక బహుమతి దక్కింది.

కాగితపు ముక్కల కదలిక కాస్త బిగుసుకున్నట్టే ఉంటుంది. బారుకు అదే కలిసొచ్చింది. మాటల మధ్య తలెత్తి ఎప్పుడు చూసినా గోడ మీద ఒక పూర్తి చిత్రం కనిపిస్తుంది. మధ్యలో అరగంట పోయినా నష్టం లేదు.

ఇక గోడ సంగతి. పాత ప్రొజెక్టరుకు చీకటి గది కావాలి, బారును చీకటి చేస్తే బిల్లు ఎవరు చూస్తారు? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో ఒక చిప్పు మీద కంటికి ఆనని బుల్లి అద్దాలను పేర్చాడు. ఒక్కో అద్దం సెకనుకు వేలసార్లు ఒరుగుతూ వెలుగును తెర మీదికో పక్కకో తిప్పుతుంది. 1996 నుంచి ఆ చిప్పుతో ప్రొజెక్టర్లు రావడం మొదలైంది. తర్వాత అవి చవకయ్యాయి, మసక దీపాల మధ్య కూడా బొమ్మ నిలిచింది.

కొన్నిచోట్ల సినిమా మూగగా వేసి బ్యాండుతో కొత్త సంగీతం వాయిస్తారు. నాకది నచ్చదు. సంగీత దర్శకుడు ఆలన్ గొరగే కట్టిన గిటారూ ఫ్లూటూ లేకపోతే ద్రాగ్‌లు సగమే మిగులుతారు. హిప్‌హాప్ వాళ్లు ఆ సంగీతపు ముక్కల్ని ఊరికే ఏరుకోలేదు. దానికంటే డైలాగులు కట్టేసి, గొరగే రికార్డునే ప్లేయరు మీద పెట్టడం మేలు. సినిమా 72 నిమిషాలు, రికార్డు అంతకంటే పొట్టి. తిప్పి మళ్లీ వేసినా ఫరవాలేదు, ఆయన ఎలాగూ కొన్ని బాణీలనే మార్చి మార్చి వాడుకున్నాడు.