రేషన్ డబ్బా నుంచి క్యాంపు దాకా సిగరెట్
అన్నలూ తమ్ముళ్లూ, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల రేషన్ డబ్బాల్లో తిండితో పాటు సిగరెట్లు కూడా పెట్టి పంపేవాళ్లు. ఇల్లు దూరం, ప్రాణభయం, గంటలకొద్దీ ఎదురుచూపు. ఒకడు ముట్టిస్తే పక్కోడికీ ఇచ్చేవాడు, అట్ల దోస్తానా కుదిరేది. యుద్ధం అయిపోయినా అలవాటు చాలామందితో ఇంటికొచ్చింది. 1975 దాకా ఆ రేషన్లలో సిగరెట్లు ఉన్నాయి.

మన గల్ఫ్ క్యాంపుల్లో జరిగేదీ ఇదే. ఇంటికి ఫోన్ చేసి పెట్టేసినంక మనసు బాగుండదు. కొత్తల్లో ఒంటరిగా నిలబడితే ఎవరో ఒకటి చేతిల పెడతారు. మనకు కావాల్సింది పక్కన ఒక మనిషి, పొగ ఆయనతోపాటు వస్తది. కొన్నాళ్లకు తాగకపోతే చిరాకు. ఆ చిరాకు పుట్టించేదీ నికోటినే, కాసేపు తగ్గించేదీ నికోటినే. మనమేమో టెన్షన్ పోయిందనుకుంటాం.

రూముకు కొత్త తమ్ముడొస్తే సిగరెట్ చూపించకుండా చాయ్ పోద్దాం, కాసేపు కూసోని ఊరి ముచ్చట్లు అడుగుదాం.