పొగ రంగు నుంచి లాంబ్డా దాకా: ఉత్తరాంధ్రలో టర్బో ఇంజన్, ఆక్సిజన్ సెన్సార్ – ఒక చారిత్రక పరిశీలన

ఉత్తరాంధ్ర మోటారు రవాణా చరిత్రలో ఒక వైరుధ్యం కనిపిస్తుంది. టర్బోఛార్జర్ ఈ ప్రాంతానికి ముందు వచ్చింది. ఇంజన్‌లో గాలి, ఇంధనం ఏ పాళ్లలో మండుతున్నాయో తెలిపే ఆక్సిజన్ సెన్సార్ ఆలస్యంగా వచ్చింది. ఈ ఎడానికి కారణం తెలియాలంటే ముందుగా సాలూరును పరిశీలించాలి.

విశాఖపట్నం నుంచి విజయనగరం మీదుగా రాయపూర్ వెళ్లే రహదారి సాలూరు దాటగానే ఘాటు ఎక్కుతుంది. చాలాకాలం విజయనగరం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ పట్టణానికి, లారీ యజమానుల ఊరుగా విజయవాడ తర్వాత చెప్పుకునేంత పేరుంది. డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టేవారు, మెకానిక్కులు ఈ పరిశ్రమపైనే బతికారు. కొరాపుట్ సముద్రమట్టానికి 850 మీటర్లకు పైన ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. డీజిల్ పంపు అంతే ఇంధనం పోస్తే చాలినంత గాలి అందక నల్లపొగ వస్తుంది. టర్బోఛార్జర్ వ్యర్థవాయువుల వేగంతో తిరిగి గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది కనుక ఘాటు బండికి అది విలాసం కాదు, అవసరం. 1990ల నుంచి టర్బో ఇంజన్లు లారీలలో వ్యాపించాయి. అయినా ఆక్సిజన్ సెన్సార్ అవసరం అప్పుడు రాలేదు. డీజిల్ ఇంజన్ అవసరానికి మించిన గాలితోనే పనిచేస్తుంది. పంపు సరిచేసే మెకానిక్కుకు పొగ రంగే కొలమానం.

పెట్రోలు సంగతి వేరు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. కార్బురేటర్ కాలంలో ఈ లెక్కను స్పార్క్ ప్లగ్ విప్పి, దాని కొన రంగు చూసి అంచనా వేసేవారు. నల్లటి మసి ఇంధనం ఎక్కువైందనడానికి, తెల్లబారిన కొన తక్కువైందనడానికి, లేత గోధుమ రంగు సరిపోయిందనడానికి గుర్తులు. నెర్న్‌స్ట్ 1889లో ప్రతిపాదించిన సమీకరణం ఆధారంగా బాష్ సంస్థ రూపొందించిన లాంబ్డా సెన్సార్ 1976లో వోల్వో కార్లలో అమెరికా చేరింది. జిర్కోనియా పింగాణీకి ఒక పక్క బయటి గాలి, మరొక పక్క పొగ ఉంటాయి. ఆక్సిజన్ తేడాను బట్టి స్వల్ప వోల్టేజి పుడుతుంది.

అయితే సీసం కలిసిన పెట్రోలు ఈ సెన్సార్‌నూ, క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ పాడుచేస్తుంది. భారతదేశంలో సీసరహిత పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలకే పరిమితమై మొదలైంది. దేశమంతటా తప్పనిసరి కావడానికి 2000 ఫిబ్రవరి పట్టింది. శ్రీకాకుళం వంటి జిల్లాలో సెన్సార్ మనుగడకు తగిన ఇంధనమే అప్పటిదాకా పూర్తిగా సమకూరలేదన్నమాట. మెకానిక్కుల వెనుకబాటుతో ఈ ఆలస్యాన్ని ముడిపెట్టడం పొరపాటు.

2013లో పోలో జీటీ టీఎస్ఐ, ఎకోస్పోర్ట్ వంటి టర్బో పెట్రోలు కార్లు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు ఈ రెండు ధారలనూ కలిపాయి. ద్విచక్ర వాహనాలకు సైతం సెన్సార్ వచ్చింది. లారీలకు నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సార్లు వచ్చాయి. శక్తి పెంచుకోవాలని టర్బో ఒత్తిడి పెంచేవారికి మాత్రం కంపెనీ సెన్సార్ ఒక్కటే చాలదు. సాధారణ సెన్సార్ 14.7కు అటా ఇటా అన్నదే తెలుపుతుంది. పూర్తి బరువు మీద టర్బో పెట్రోలు ఇంజన్‌కు సుమారు 12 పాళ్ల గాలి కావాలి. గాలి అంతకు బాగా మించితే వేడి పెరిగి పిస్టన్ కరిగే ప్రమాదముంది. అందుకే వైడ్‌బ్యాండ్ సెన్సార్, దానికి గేజ్ అవసరమయ్యాయి.

బిగింపులో వెల్డింగు చేతివాటానిదే పెద్ద పాత్ర. పొగగొట్టానికి రంధ్రం చేసి, 18 మిల్లీమీటర్ల మర ఉన్న ఉక్కు దిమ్మను అతకాలి. టర్బోకు ముందు వేడి, ఒత్తిడి ఎక్కువ కాబట్టి సెన్సార్ టర్బో తర్వాత, కన్వర్టర్‌కు ముందు ఉండాలి. కొన కిందికి వాలేలా, అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు పైన బిగించకపోతే నీటిబొట్లు చేరి పింగాణీ పగులుతుంది. సెన్సార్‌కు ముందున్న అతుకులో సన్నని చిల్లున్నా బయటి గాలి చేరి, ఇంధనం తక్కువైందని గేజ్ తప్పుగా చూపుతుంది. ఒక సిలిండర్ మండకపోయినా ఇదే పొరపాటు. మండని ఆక్సిజన్‌నే సెన్సార్ లెక్కిస్తుంది, మండని పెట్రోలును కాదు.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సరైన పాళ్లు 14.7 కాదు, సుమారు 13.5. పెట్రోలు కొలమానంతో తయారైన గేజ్ మాత్రం దహనం సరిగా ఉన్నప్పుడు 14.7 అనే చూపుతుంది. నిజానికి అది కొలిచేది లాంబ్డా 1. ట్యాంకులో ఏముందో తెలియని మనిషికి ఆ అంకె సగమే అర్థమవుతుంది. గేజ్ బిగించిన తర్వాత కూడా ప్లగ్ విప్పి కొన రంగు చూసే మెకానిక్కు ఆ మిగిలిన సగాన్నే వెతుకుతున్నాడు.