లిపిడ్ ప్రొఫైల్: అంకెల పుట్టుక, మాత్ర పుట్టుక

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఐదారు అంకెలుంటాయి: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు, వాటి అడుగున ఒకటో రెండో నిష్పత్తులు. ఇవన్నీ ఒకేసారి పుట్టినవి కావు, ఒకే పద్ధతిలో తేలేవీ కావు. కొన్నిటిని ల్యాబులో యంత్రం కొలుస్తుంది, కొన్నిటిని కూడికలూ తీసివేతలతో రాబడతారు. పక్కనే అచ్చయ్యే ‘ఉండవలసిన పరిమితి’ కూడా ప్రకృతి గీసిన గీత కాదు. వైద్య సంఘాలు కూర్చుని గీసి, చెరిపి, మళ్లీ గీసినది. ఇక ఆ కాగితం చూసి డాక్టరు రాసే స్టాటిన్ మాత్ర పూర్తిగా వేరే దారిన, బియ్యానికి పట్టిన బూజులోంచి వచ్చింది. పరీక్ష చరిత్ర, మందు చరిత్ర చాలాకాలం దేని దారిన అది నడిచి, 1994లో గానీ గట్టిగా కలుసుకోలేదు.

కొలెస్ట్రాల్ మొదట కనబడింది గుండెలో కాదు, పిత్తాశయంలో. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పిత్తాశయ రాళ్లను కరిగించి చూసినవారికి మైనంలాంటి తెల్లని స్ఫటికాలు దొరికాయి. 1815 ప్రాంతంలో మిషెల్ షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త దాని ప్రత్యేకతను పట్టుకున్నాడు. మామూలు కొవ్వును క్షారంతో మరిగిస్తే సబ్బవుతుంది, ఇది మాత్రం ఎంత మరిగించినా సబ్బు కాదు. గుండెజబ్బుతో దానికి ముడి పడడానికి మరో వందేళ్లు పట్టింది. 1910లో జర్మనీలో అడాల్ఫ్ విండౌస్, గట్టిపడిన బృహద్ధమని గోడల్లో మామూలు ధమనిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కొలెస్ట్రాల్ ఉందని చూపాడు. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్కోవ్, సెమ్యోన్ ఖలతోవ్ శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కలిపి కుందేళ్లకు పెట్టారు. కొన్నాళ్లకు వాటి ధమనుల్లో, మనుషుల ధమనుల్లో ఉండేలాంటి కొవ్వు పూత తేలింది.

ఈ ప్రయోగాన్ని అప్పట్లో చాలామంది పట్టించుకోలేదు, అందుకు కారణం లేకపోలేదు. అదే తిండి ఎలుకలకూ కుక్కలకూ పెడితే ఏమీ కాలేదు. గడ్డి తినే కుందేలుకు గుడ్డులోని సరుకు పెట్టి మనిషి జబ్బు గురించి తీర్పు చెప్పడమేమిటన్నది అభ్యంతరం. అసలు సంగతి తరవాత తేలింది: మనిషి ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండిలోంచి రాదు, శరీరమే తయారుచేసుకుంటుంది. అందులో కాలేయం వాటా పెద్దది. పుట్టుకతో శాకాహారులైనవారి రిపోర్టులో కూడా ఎల్‌డీఎల్ 160 కనబడడం అందుకే. నూనె ప్యాకెట్ల మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో వేసుకోవడం కూడా గొప్పేమీ కాదు. వేరుశెనగ నూనెలో గానీ నువ్వుల నూనెలో గానీ కొలెస్ట్రాల్ అంటూ చెప్పుకోదగ్గది ఎప్పుడూ లేదు. రక్తంలో ఎల్‌డీఎల్‌ను పెంచడంలో తిండిలోని కొలెస్ట్రాల్ కన్నా నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, పామాయిల్, డాల్డాల్లోని సంతృప్త, ట్రాన్స్ కొవ్వుల పాత్రే ఎక్కువ.

కొలవడం రంగుతో మొదలైంది. 19వ శతాబ్దం చివర లీబర్‌మన్, బుర్ఖార్డ్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతిలో, కొలెస్ట్రాల్‌కు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే ఆకుపచ్చ రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే కొలెస్ట్రాల్ అంత ఎక్కువ. రంగు గాఢతను బట్టి పదార్థాన్ని లెక్కగట్టే విద్యలో ఒక తెలుగువాడి పేరూ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వర పరీక్ష ఇలాంటిదే. రక్తంలోని ఫాస్ఫోలిపిడ్లను కొలవడానికి తరవాతివారు దాన్నే వాడుకున్నారు. ఆమ్లంతో చేసే కొలెస్ట్రాల్ పరీక్ష చేతులు కాల్చేది, యంత్రాలను తినేసేది. 1974లో దాని స్థానంలో ఎంజైముల పద్ధతి వచ్చింది. ఇప్పటికీ ఊరూరా ల్యాబుల్లో నడిచేది అదే. సీరమ్ చుక్కకు రసాయనం కలిపితే మొదటి ఎంజైము కొలెస్ట్రాల్‌ను అతుకుల్లోంచి విడదీస్తుంది, రెండోది దాన్ని ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, మూడోది ఆ పెరాక్సైడ్‌తో గులాబీ రంగు తెప్పిస్తుంది. ఆ రంగు గుండా యంత్రం కాంతిని పంపి అంకె చెబుతుంది. మొత్తం పని కొద్ది నిమిషాలు.

అయితే మొత్తం కొలెస్ట్రాల్ ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. కొలెస్ట్రాల్ రక్తంలో కరగదు కాబట్టి ప్రొటీన్లతో కట్టిన సూక్ష్మ రేణువుల్లోకెక్కి ప్రయాణిస్తుంది. 1940ల చివర కాలిఫోర్నియాలో జాన్ గాఫ్‌మన్ రక్తాన్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో విపరీతమైన వేగంతో తిప్పి, ఈ రేణువులను సాంద్రతను బట్టి వేరుచేశాడు. తక్కువ సాంద్రత గలవి ఎల్‌డీఎల్, ఎక్కువ సాంద్రత గలవి హెచ్‌డీఎల్. గుండెజబ్బుతో ముడిపడింది తక్కువ సాంద్రత రేణువులేనని ఆయన వాదించాడు. 1948లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగామ్ పట్టణంలో 5,209 మందితో మొదలైన పరిశీలన, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారికి గుండెపోటు ముప్పు ఎక్కువని 1961కల్లా చూపింది. 1977లో అదే పరిశీలన, హెచ్‌డీఎల్ తక్కువైనా ముప్పేనని బయటపెట్టింది. ‘మంచి కొలెస్ట్రాల్’ అన్న మాట జనంలోకి వెళ్లింది ఆ తరవాతే. ఆ మాటను మరీ నమ్మడానికి లేదు. హెచ్‌డీఎల్‌ను బాగా పెంచిన టార్సెట్రాపిబ్ అనే మందు తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ఆ ప్రయోగాన్నే ఆపేశారు. హెచ్‌డీఎల్ తక్కువగా ఉండడం ముప్పుకు గుర్తే గానీ, మందుతో దాన్ని పెంచితే ముప్పు తగ్గుతుందని ఏ ప్రయోగమూ గట్టిగా చూపలేదు.

అల్ట్రాసెంట్రిఫ్యూజ్ ప్రతి ఊళ్లో పెట్టగలిగేది కాదు. ఆ చిక్కు తీర్చింది 1972లో విలియం ఫ్రైడ్‌వాల్డ్, రాబర్ట్ లెవీ, డొనాల్డ్ ఫ్రెడ్రిక్సన్ ప్రచురించిన చిన్న సూత్రం. రక్తంలోని మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు. వాటిని ఐదుతో భాగిస్తే వీఎల్‌డీఎల్, అంటే అతి తక్కువ సాంద్రత రేణువుల్లోని కొలెస్ట్రాల్, వస్తుంది. దాన్నీ హెచ్‌డీఎల్‌నూ మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. రిపోర్టులో మొత్తం 212, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 190 ఉన్నాయనుకుంటే వీఎల్‌డీఎల్ 38, ఎల్‌డీఎల్ 136. అంటే చాలా రిపోర్టుల్లో డాక్టరు అన్నిటికన్నా ముందు చూసే అంకెను ఎవరూ కొలవలేదు, లెక్కగట్టారు. పన్నెండు గంటలు పరగడుపున ఉండాలన్న నియమానికి పెద్ద కారణం కూడా ఈ లెక్కే. భోంచేశాక ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, అవి పెరిగితే తీసివేత తప్పుతుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడు ఈ సూత్రం పనికిరాదని దాన్ని కట్టినవారే చెప్పారు. మందు వాడి ఎల్‌డీఎల్ బాగా కిందికి దిగినవారిలో కూడా అది ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. అందుకే ఇప్పుడు కొన్ని ల్యాబులు మెరుగుపరిచిన సూత్రాలు వాడుతున్నాయి, మరికొన్ని ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలుస్తున్నాయి. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని పది పాయింట్లు పెరిగిందని దిగులుపడేవారు ముందు అడగవలసింది, అది ఏ పద్ధతిలో వచ్చిందని. ఈ తకరారు లేని అంకె ఒకటుంది: మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చే నాన్-హెచ్‌డీఎల్. పై ఉదాహరణలో అది 174. ధమనుల్లో పేరుకునే రేణువులన్నిటిలోని కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది, దానికి పరగడుపుతో పనిలేదు.

ఇక పరిమితుల గీత సంగతి. మొదట్లో ‘నార్మల్’ అంటే జనంలో మామూలుగా కనబడేదని అర్థం. కొలెస్ట్రాల్ అందరికీ ఎక్కువగా ఉన్న అమెరికాలో 250 కూడా నార్మల్ కిందే చెల్లిపోయింది. 1984లో 3,806 మంది మగవారి మీద కొలెస్టిరమిన్ అనే పొడిమందుతో చేసిన ప్రయోగంలో గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు కలిపి 19 శాతం తగ్గాయి. దాంతో గీత జనాభా సగటును వదిలి ముప్పు వైపు జరిగింది. 1988లో అమెరికా జాతీయ కార్యక్రమం మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉండాలంది. ఎల్‌డీఎల్ 100 లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు అని ఇప్పటి రిపోర్టుల్లో ముద్రించే అంకెలు చాలావరకు 2001 నాటివి. ఆ గీత అందరికీ ఒకటి కాదన్నది మాత్రం కాగితం మీద ఉండదు. భారత కార్డియాలజీ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువున్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, ముప్పు ఎక్కువున్నవారికి 70 లోపు, ఇదివరకే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి 55 లోపు ఉండాలి. స్టెంట్ వేయించుకున్న మనిషి రిపోర్టులో ఎల్‌డీఎల్ 95 అని వస్తే ల్యాబు దాన్ని నార్మల్ అని అచ్చువేస్తుంది, డాక్టరు మాత్రం మందు పెంచుతాడు. ఇద్దరిదీ తప్పు కాదు.

మందు వైపు మొదటి అడుగు చేదుగా పడింది. శరీరం కొలెస్ట్రాల్‌ను దాదాపు ముప్పై మెట్లలో ఎలా కట్టుకుంటుందో విప్పి చెప్పిన కాన్రాడ్ బ్లాక్, ఫియోడార్ లీనెన్‌లకు 1964లో నోబెల్ వచ్చింది. ఆ లోపే, 1960లో, చివరి మెట్టును అడ్డుకునే ట్రైపారనాల్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది. చివర్లో అడ్డుకట్ట వేస్తే దాని వెనకటి పదార్థం పోగుపడుతుంది. వాడినవారికి కంటిశుక్లాలు వచ్చాయి, జుట్టు ఊడింది. 1962లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

జపానులో సాంక్యో కంపెనీలో పనిచేసే అకిరా ఎండో మొదట్లోని మెట్టును ఎంచుకున్నాడు. హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము ఆడే చోటది. కట్టడం వేగమంతా దాని చేతిలో ఉంటుంది. బూజులు తమ శత్రుజీవులను చంపడానికి ఆ ఎంజైమును అడ్డుకునే పదార్థమేదో తయారుచేస్తుండవచ్చన్నది ఎండో ఊహ. 1971 నుంచి దాదాపు 6,000 రకాల సూక్ష్మజీవులను జల్లెడ పట్టారు. క్యోటోలోని ఒక ధాన్యం దుకాణం బియ్యంలో దొరికిన నీలాకుపచ్చ బూజు, పెనిసిలియం సిట్రినం, 1973లో ఫలితమిచ్చింది. దానిలోంచి తీసిన కాంపాక్టిన్ మొదటి స్టాటిన్.

ఎలుకలకు ఇస్తే కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గలేదు. అనిచ్కోవ్‌కు అభ్యంతరంగా నిలిచిన ఎలుకే ఇక్కడా అడ్డొచ్చింది. దాని రక్తంలో అసలు ఎల్‌డీఎలే తక్కువ. కంపెనీ దాదాపు చేతులెత్తేసింది. అంత కొలెస్ట్రాల్ ఉన్న గుడ్డు పెట్టే కోడి ఒంట్లో అది దండిగా ఉండాలి కదా అన్న ఆలోచన ఎండోకు తట్టింది. వేరే ప్రయోగానికి కోళ్లు పెంచుతున్న సహోద్యోగి నోరితోషి కితానోను ఒప్పించి 1976లో వాటికి మందు కలిపిన మేత పెట్టించాడు. పెట్టల కొలెస్ట్రాల్ సగానికి సగం పడిపోయింది. 1978లో ఒసాకాలో అకిరా యమామోతో, పుట్టుకతో కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న 18 ఏళ్ల రోగికి దీన్ని ఇచ్చాడు. కొలెస్ట్రాల్ తగ్గింది, కండరాలు బలహీనపడ్డాయి, మోతాదు తగ్గిస్తే సర్దుకున్నాయి. స్టాటిన్ల ముఖ్య ప్రయోజనం, ముఖ్య ఇబ్బంది రెండూ తొలినాళ్లలోనే కనబడ్డాయన్నమాట. 1980లో కుక్కల్లో కణితులు వచ్చాయన్న అనుమానంతో సాంక్యో ఆ మందునే వదిలేసింది. అమెరికాలో మెర్క్ మరో బూజులోంచి తీసిన లోవాస్టాటిన్, 1987లో అనుమతి పొందిన మొదటి స్టాటిన్ అయింది. ఎండోకు నోబెల్ రాలేదు. ఆయన 2024లో 90వ ఏట మరణించాడు.

ఎంజైమును ఆపితే రక్తంలో ఎల్‌డీఎల్ ఎందుకు తగ్గుతుందో డాలస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ తేల్చారు. 1985లో వారికి నోబెల్ దక్కింది. తయారీ తగ్గిన కాలేయ కణాలు కొరత తీర్చుకోవడానికి తమ మీద ఎల్‌డీఎల్ గ్రాహకాలను పెంచుకుంటాయి. అవి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటాయి. మందు పనిలో పెద్ద భాగం ఈ లాక్కోవడమే.

అయినా ‘కొలెస్ట్రాల్ తగ్గితే మనిషి ఎక్కువకాలం బతుకుతాడా?’ అన్న ప్రశ్న మిగిలింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండెజబ్బు రోగులతో చేసిన ప్రయోగం దానికి జవాబిచ్చింది. ఐదేళ్ల పైచిలుకు కాలంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, సిమ్వాస్టాటిన్ వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. ఆ తరవాత స్టాటిన్‌కు ఎదురులేదు. 1997లో అటోర్వాస్టాటిన్, 2003లో రోసువాస్టాటిన్ మార్కెట్లోకి వచ్చాయి. 2006లో అమెరికాలో సిమ్వాస్టాటిన్ పేటెంటు ముగిసినప్పుడు మెర్క్‌తో ఒప్పందం మీద దాని జెనరిక్‌ను అమ్మింది హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్.

ఎన్నో ప్రయోగాలను కలిపి చూసిన లెక్క ప్రకారం ఎల్‌డీఎల్ డెసిలీటరుకు సుమారు 39 మి.గ్రా. తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటివి ఐదో వంతు తగ్గుతాయి. మోతాదు రెట్టింపు చేస్తే మాత్రం ఎల్‌డీఎల్ రెట్టింపు తగ్గదు, మరో ఆరు శాతం తగ్గుతుందంతే. 40 మి.గ్రా. నుంచి 80కి పోయేకన్నా, పేగుల్లో కొలెస్ట్రాల్‌ను పీల్చుకోనివ్వని ఎజెటిమైబ్‌ను జతచేయడం అందుకే వాడుకలోకి వచ్చింది. సిమ్వాస్టాటిన్ ఒంట్లో కొద్ది గంటలే నిలుస్తుంది గనక రాత్రి వేసుకోమంటారు. అటోర్వా, రోసువా ఏ వేళైనా ఒకటే. రిపోర్టు నార్మల్ అయిందని మాత్ర మానేస్తే కొన్ని వారాల్లో అంకె పాత చోటికి చేరుతుంది. నార్మల్ అయింది మాత్ర వల్లే కదా.

దుష్ఫలితాల గురించిన భయంలో కొంత నిజముంది, కొంత లేదు. కండరాలు చితికి మూత్రపిండాలు దెబ్బతినడం అరుదు. ఆ కారణంగా మరణాలు సంభవించడంతో సెరివాస్టాటిన్ అనే రకాన్ని 2001లో మార్కెట్ నుంచి తీసేశారు. షుగరు అంచున ఉన్నవారిలో కొందరికి షుగరు రావచ్చని 2012 నుంచి అమెరికాలో మందు కాగితం మీదే రాస్తున్నారు. ఒళ్లునొప్పుల సంగతి వేరు. స్టాటిన్ పడక మానేసినవారితో బ్రిటన్‌లో చేసి 2020లో వెల్లడించిన చిన్న ప్రయోగంలో, స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లో కూడా వచ్చాయి. నొప్పి అబద్ధమని కాదు, దానికి కారణం చాలాసార్లు మందు కాదని. ముదురు రంగు మూత్రంతో కలిసి వచ్చే తీవ్రమైన కండరాల నొప్పిని మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. గర్భిణులకు స్టాటిన్లు సాధారణంగా ఇవ్వరు.

స్టాటిన్లతో దిగనివారికి తరవాతి మందులు జన్యుశాస్త్రంలోంచి వచ్చాయి. ఎల్‌డీఎల్ గ్రాహకాలను నాశనం చేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ గుట్టు 2003లో బయటపడింది. పుట్టుకతో అది లేని కొందరిలో ఎల్‌డీఎల్ అతి తక్కువగా ఉండి కూడా వారు ఆరోగ్యంగానే ఉన్నారు. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి. ఏడాదికి రెండుసార్లు వేయించుకుంటే సరిపోయే ఇంక్లిసిరాన్ వాటి తరవాతది.

పరీక్ష వైపూ మార్పులు ఆగలేదు. పరగడుపు అందరికీ అక్కర్లేదని 2016లో ఐరోపా నిపుణులు, 2024లో భారత కార్డియాలజీ సొసైటీ చెప్పారు. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువున్నప్పుడే ఉపవాసంతో మళ్లీ చేయించాలి. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో లేని లైపోప్రొటీన్(ఏ)ని జీవితంలో ఒక్కసారైనా చూపించుకోవాలని కూడా ఆ మార్గదర్శకాలు సూచించాయి. 1963లో ఓస్లోలో కోరె బెర్గ్ కనిపెట్టిన ఈ రేణువు మోతాదును చాలావరకు వంశమే నిర్ణయిస్తుంది, తిండీ వ్యాయామమూ పెద్దగా మార్చలేవు. డెసిలీటరుకు 50 మి.గ్రా. దాటితే ముప్పు కింద లెక్క. దీన్ని తగ్గించే మందులు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నందున, అది ఎక్కువున్నవారికి ప్రస్తుతం చేసేది ఎల్‌డీఎల్‌ను మరింత కిందికి దించడం, రక్తపోటునూ షుగరునూ అదుపులో పెట్టడం, పొగతాగడం మాన్పించడం.