గళ్ల కొలతలో హాస్యం

1916లో హర్‌స్ట్ పత్రికలు కార్టూనిస్టు జార్జ్ హెరిమన్‌కు వారం వారం ఒక నిండు పేజీ కేటాయించాయి. మూడేళ్ల ముందు రోజువారీ స్ట్రిప్‌గా మొదలైన ‘క్రేజీ క్యాట్’ అక్కడ విచ్చుకుంది. కథ ఎప్పుడూ ఒకటే. ఇగ్నాట్జ్ అనే ఎలుక ఇటుక విసురుతుంది. తలకు తగిలిన ఇటుకను పిల్లి ప్రేమకానుక అనుకుని మురిసిపోతుంది. పోలీసు కుక్క ఎలుకను జైల్లో వేస్తుంది. పాత్రలు కదలకపోయినా వెనకనున్న ఎడారి మాత్రం గడిగడికీ మారిపోతుంది. విసిరినవాడి కసికీ తగిలినవారి సంబరానికీ పొంతన లేకపోవడంలోనే నవ్వు ఉంది. ఆ వింతలోకం పరుచుకోవడానికి అంత పేజీ కావలసి వచ్చింది.

తర్వాతి దశాబ్దాల్లో పత్రికలు కామిక్స్‌కిచ్చే చోటు తగ్గించాయి. 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో మొదలైన చార్ల్స్ షుల్జ్ ‘పీనట్స్’ను, పత్రికలకు స్ట్రిప్‌లు సరఫరా చేసే సిండికేట్ అమ్మిందే చోటు కలిసివచ్చే స్ట్రిప్‌గా: నాలుగు సమానమైన గళ్లు, అడ్డంగానో నిలువుగానో చదరంగానో పేర్చుకోవచ్చు. ఆ ఇరుకులో షుల్జ్ గీతలు తగ్గించి విరామానికి విలువ పెంచారు. తొలి స్ట్రిప్‌లో ఒక కుర్రాడు, నడిచివస్తున్న కథానాయకుడు చార్లీ బ్రౌన్‌ను మూడు గళ్లపాటు మెచ్చుకుంటాడు. అతను దాటిపోయాక, నాలుగో గడిలో, వాడంటే తనకెంత అసహ్యమో బయటపెడతాడు. తన్నబోయే ఫుట్‌బాల్‌ను లూసీ అనే అమ్మాయి ఏటా లాగేసినా చార్లీ బ్రౌన్ మళ్లీ పరుగెత్తుతాడు. క్రేజీకి తన మీద పడింది దెబ్బ అని తెలియదు. చార్లీ బ్రౌన్‌కు తెలుసు, అయినా ఆశ చావదు.

1978లో వచ్చిన జిమ్ డేవిస్ ‘గార్‌ఫీల్డ్’ది తేలికైన దారి. తిండి, నిద్ర, సోమవారమంటే విసుగు: రాజకీయాల ఊసు లేని ఈ హాస్యం ఏ ఊరివారికైనా ఇట్టే అందుతుంది.

1985లో బిల్ వాటర్‌సన్ ‘కాల్విన్ అండ్ హాబ్స్’ మొదలుపెట్టారు. ఆరేళ్ల కాల్విన్‌కు హాబ్స్ మాటకారి పులి. పెద్దలకు ఉత్త గుడ్డబొమ్మ. ఎవరి చూపు నిజమో రచయిత తేల్చరు, నవ్వు ఆ రెండు చూపుల నడుమ పుడుతుంది. హెరిమన్‌నూ షుల్జ్‌నూ అభిమానించిన వాటర్‌సన్, 1992లో సెలవు ముగించుకుని వచ్చాక, ఆదివారం తన అరపేజీని పత్రికలు ముక్కలు చేయకూడదన్న షరతు సాధించారు. డైనోసార్లూ గ్రహాంతర యాత్రలూ అప్పుడు స్వేచ్ఛగా పరుచుకున్నాయి.

అయితే చోటు ఒక్కటే హాస్యాన్ని నిర్ణయించదు. షుల్జ్‌కూ డేవిస్‌కూ దక్కింది ఇంచుమించు ఒకే ఇరుకు. ఒకరు అందులో ఓటమిని పెట్టారు, మరొకరు సుఖాన్ని.