ఎస్టోనియా వాళ్ళ ఎక్స్-రోడ్

ఎస్టోనియా అనగానే మన సాఫ్టువేరు జనాలకి స్కైప్ గుర్తొస్తుంది. 2003లో దాని కోడు రాసింది అక్కడి కుర్రాళ్ళే (2025 మేలో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది లెండి). నన్నడిగితే అంతకంటే గొప్ప పని ఎక్స్-రోడ్.

1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడేసరికి వాళ్ళ జనాభా పదిహేనున్నర లక్షలు. చేతిలో డబ్బుల్లేవు. 1960లో తాలిన్‌లో పెట్టిన సైబర్నెటిక్స్ సంస్థ లాంటి చోట్ల తయారైన బుర్రలున్నాయి. 1996లో టైగర్ లీప్ ప్రకటించి బళ్ళకి కంప్యూటర్లూ, ఇంటర్నెట్టూ ఇచ్చారు.

2001లో వచ్చిన ఎక్స్-రోడ్‌లో కిటుకేంటంటే, అందరి వివరాలూ ఒకే పెద్ద డేటాబేసులో కుక్కలేదు. ఏ శాఖ డేటా ఆ శాఖ దగ్గరే ఉంటుంది. ఇంకో శాఖ అడిగితే డిజిటల్ సంతకంతో, ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. ప్రతిదానికీ లాగ్ ఉంటుంది. తన రికార్డు ఎవరు తెరిచారో చాలావరకూ పౌరుడే చూసుకోవచ్చు.

అసలు పరీక్ష 2017లో వచ్చింది. సుమారు ఏడున్నర లక్షల గుర్తింపు కార్డుల చిప్పులో లోపం బయటపడింది. అక్టోబరులో స్థానిక ఎన్నికలు, అందులో ఇంటర్నెట్ ఓటింగు! అయినా సెప్టెంబరులోనే జనానికి చెప్పేశారు. కొత్త కీలు ఎక్కించని కార్డుల సర్టిఫికెట్లు నవంబరులో ఆపేశారు. ప్రొడక్షన్లో బగ్గు దొరికితే క్లయింటుకి మెయిలు కొట్టడానికే మనం మూడు మీటింగులు పెట్టుకుంటాం.